రేవు ఉండాలా?

హెడ్డాఫీసు, మూడో అంతస్తు
ఫిబ్రవరి

వదినా,

ఫోన్ చేస్తే నీ కుట్టుమిషను మోత తప్ప ఏమీ వినబడటం లేదు. మధ్యలో ఎవరో "చంక దగ్గర బిగుతుగా ఉందండీ" అంటారు, నువ్వు "ఉండమ్మా, విప్పి కుడతా" అంటావు. ఆ మాట నాకో వాళ్ళకో తెలియక ఇక్కడ నేను చస్తాను. అన్నయ్యకివ్వమంటే ఎప్పుడు చూసినా బయటికెళ్ళాడంటావు. ఏమిటంత రాచకార్యం బయట? బడిలో ఈత క్లాసులు పొద్దున్నే అయిపోతాయి కదా! అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం ఆఫీసుది, కలం ఆఫీసుది, నిజం చెప్పాలంటే టైము కూడా ఆఫీసుదే.

విషయం ఏమిటంటే, మన ఊరి సరస్సు ఒడ్డు నా బల్ల మీదికి వచ్చి పడింది. రాబోయే ఐదేళ్ళలో ఊరి జనం ఆరుబయట ఎక్కడ నడవాలి, పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి, సైకిళ్ళు ఎటు పోవాలి, పడవలు ఎక్కడ ఆగాలి, అన్నీ కలిపి ఒక ప్రణాళిక వేయమని మీ నగరపాలక సంఘం మా ఆఫీసును అడిగింది. "మీ ఊరే కదమ్మా" అని చీఫ్ నాకిచ్చారు. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ పార్కింగు స్థలాలకు గీతలు గీస్తూ కూర్చున్నదాన్ని. మొదటి పేజీలో నా పేరు మొదట ఉండే ప్లాను ఇదే.

నా దగ్గర మ్యాపు ఉంది కానీ అందులో ఒడ్డంటే నీలంరంగు పక్కన ఒక నల్ల గీత. ఆ గీత మీద ఎవరు కూర్చుంటారో, ఎవరు ఏ వేళకు వస్తారో, ఎవరికేం కావాలో మ్యాపు చెప్పదు. నువ్వే చెప్పాలి. ఊళ్ళో సగంమంది కొలతలు నీ దగ్గరున్నాయి. వాళ్ళ కోరికలు కూడా కొంచెం కనుక్కో. ఒక జెట్టీ, రెండు మూడు యాక్సెస్ పాయింట్లు, ఒక వ్యూయింగ్ డెక్, ఇవి మాత్రం తప్పకుండా ఉంటాయి.

అన్నయ్య కాలు బెణికిందన్నావు కదా, తగ్గిందా? ఈసారైనా రెండు ముక్కలు రాయమను.

నీ
ఆడపడుచు

*

కుట్టుగది
మార్చి

ఆడపడుచుగారి సముఖానికి వదిన వ్రాయునది ఏమనగా,

జెట్టీ, డెక్కు, పాయింటు. చదువుతుంటే జాకెట్టుకి పెట్టే సామానులా ఉంది. జెట్టీ అంటే మా వీధిలో కుస్తీ పట్టేవాడనుకుంటారు తల్లీ. నిజంగానే బేకరీ ఆయన "ఒడ్డున జెట్టీ దేనికండీ, ఎవరితో పట్టిస్తారు?" అని అడిగాడు. జనాన్ని అడిగేటప్పుడు కాస్త మంచి తెలుగులో అడుగు. నువ్వు పుట్టి పెరిగింది ఈ ఒడ్డునే కదా, ఆకాశంలోంచి ఏమీ ఊడిపడలేదుగా.

ఇక కోరికల సంగతి. బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన బెంచీలన్నీ రోడ్డు వైపు తిప్పమంటున్నాడు. జీవితమంతా రోడ్డు చూసినవాడికి నీళ్ళు చూస్తే నిద్రొస్తుందట. ఫోటో స్టూడియో అతనికి ఒడ్డున ఒక్క దీపస్తంభం కూడా ఉండకూడదు, ఏ ఫోటో తీసినా పెళ్ళికొడుకు నెత్తిలోంచి స్తంభం మొలుస్తోందని ఏడుపు. బడి హెడ్మిస్ట్రెస్ నీడ కావాలంది. బేకరీ ఆయన నాలుగు టేబుళ్ళు వేసుకునే జాగా ఇస్తే చాలన్నాడు. మరుగుదొడ్డి కావాలని అందరూ అన్నారు, తమ ఇంటి పక్కన వద్దని కూడా అందరూ అన్నారు.

నా కోరిక ఒకటే. మా వీధి చివర ఒడ్డు ఉంది చూడు, మెల్లగా వాలుగా దిగుతుంది, అడుగున గట్టి ఇసుక. దాన్ని అలాగే ఉంచు. రాళ్ళు పేర్చకు, సిమెంటు పొయ్యకు. ఎందుకంటావా, నాకు సాయంత్రం అక్కడ చల్లగాలి బాగుంటుంది.

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. కాలు తగ్గుతోంది. ఉత్తరం రాయడానికి బద్ధకం, నీకు తెలియనిదేముంది. పనికిమాలిన ఆలోచనలు పెట్టుకోక వేళకు తిను.

వదిన

*

హెడ్డాఫీసు
మార్చి చివర

వదినా,

నీ ఉత్తరం క్యాంటీన్లో గట్టిగా చదివాను, మా టేబులంతా పొట్ట పట్టుకుని నవ్వింది. పెళ్ళికొడుకు నెత్తిన స్తంభం మాట చీఫ్ చెవిన పడి, స్తంభాలను నడకదారికి అవతలి పక్కకు జరపమన్నారు. కాబట్టి ఫోటో స్టూడియో అతనికి శుభవార్త చెప్పు.

నీ తిట్లు కూడా ఊరికే పోలేదు. ప్రశ్నపత్రం నేనే కూర్చుని తిరగరాశాను. జెట్టీ కొట్టేసి "రేవు" అని పెట్టాను. ఎంత హాయైన మాట వదినా, ఇన్నాళ్ళూ ఎందుకు మర్చిపోయానో! ప్రతి వీధికీ వేరే కాగితం వస్తుంది. మీ వీధి కాగితంలో రెండో ప్రశ్న ఇలా ఉంటుంది: "మీ వీధి చివర ఒడ్డున రేవు ఉండాలా? ఉండాలి / అక్కర్లేదు." నా అటెండరు కూడా చదివి ఒక్క మాట అడక్కుండా టిక్కు పెట్టాడు.

నీ చల్లగాలి గురించి మాత్రం ఆఫీసులో చెప్పుకోలేను, నవ్వుతారు. జనం ఎక్కువమంది ఏమంటే అదే ప్లానులోకి వస్తుంది. నీ బలం ఉపయోగించుకో.

ఏప్రిల్లో సెలవు పెట్టి వద్దామనుకుంటున్నాను. ఇంట్లో నాలుగు రోజులు పడి నిద్రపోతాను. అన్నయ్యతో సరస్సులో ఈది ఎన్నాళ్ళయిందో. నేను ఈసారి అవతలి బండదాకా ఆగకుండా పోతానని పందెం, చెప్పు.

ఆడపడుచు

*

కుట్టుగది
ఏప్రిల్

చిన్నపిల్లా,

ఏప్రిల్లో రాకు. ఇంటికి రంగులు వేయిస్తున్నాం. బీరువాలన్నీ వరండాలో, మంచాలు పెరట్లో, నా మిషను వంటింట్లో. ఆ వాసనకు నీకు తుమ్ములు ఆగవు. తర్వాత నేనే పిలుస్తాను.

నీ కాగితాలొచ్చాయి. రెండో ప్రశ్న చూశాక ప్రాణం లేచొచ్చింది. నన్ను అడుగుతున్నట్టే అడిగావు. ఇక చూసుకో, నేను ఊరుకున్నానా! కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్ళెవరైనా సరే, ముందు "ఉండాలి" దగ్గర టిక్కు పెడితేనే టేపు తీశాను. హెడ్మిస్ట్రెస్‌ది పెట్టించాను. డ్రైవరు పెద్దాయన కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానంటే నాది ఇచ్చి పెట్టించాను. బేకరీ ఆయన కొంచెం నసిగాడు. అతని చొక్కా ఇంకా నా దగ్గరే ఉంది, చేతులు కుట్టకుండా. అతనూ పెట్టాడు.

మా వీధిలో "అక్కర్లేదు" అన్న ఇల్లు ఒక్కటి లేదు. ఇంతకంటే గట్టిగా జనం ఏం చెబుతారు? ఇక నాకు బెంగ లేదు. నీ చదువు మన ఇంటికి ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

మీ అన్నయ్య పందేనికి ఒప్పుకున్నానని రాయమన్నాడు.

వదిన

*

హెడ్డాఫీసు
మే

వదినా, వదినా, వదినా,

నీలాంటి మనిషి ప్రతి వీధిలో ఒకరుంటే మా ఆఫీసుకు పనే ఉండదు. అన్ని వీధులూ సగం అటు, సగం ఇటు. మీ వీధి ఒక్కటే ఏకగ్రీవం! చీఫ్ ఆ కాగితాలు చేత్తో పట్టుకుని "ఇదమ్మా ప్రజాభిప్రాయమంటే" అన్నారు.

నిజానికి మేం మొదట రేవును పాత ఐసు ఫ్యాక్టరీ దగ్గర అనుకున్నాం. అక్కడ నీళ్ళు లోతు, పని తేలిక. మీ వీధి ఇంత గట్టిగా అడిగాక దాన్ని మీ ఒడ్డుకు మార్చాం. వాలంతా తవ్వి లోతు చేస్తారు. పొడుగ్గా కాంక్రీటు వేదిక, రెండు పడవలు ఆగే చోటు, టికెట్ గది, అటూ ఇటూ కంచె. నీ గుమ్మంలోంచి నాలుగడుగులు వేస్తే పడవెక్కొచ్చు. నీ కొట్టుకు గిరాకీ పెరుగుతుంది, బేకరీ ఆయనకు టేబుళ్ళకు జాగా కూడా దొరుకుతుంది. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఒక్క చిన్న విషయం. కొలతలకు వచ్చిన మా సర్వేయరు రాశాడు: ఆ ఒడ్డున పొద్దున్నే ఎవరో ముసలాయన నడుంలోతు నీళ్ళలో, రెండు గుంజలకు కట్టిన తాడు పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడట. దూరం నుంచి వెనకవైపే కనిపించాడట. మతి స్థిమితం లేదేమోనని వాడికి అనుమానం. ఆ తాడు తీయించి హెచ్చరిక బోర్డు పెట్టమన్నాను. ఎవరో నీకు తెలిసే ఉంటుంది, వాళ్ళ ఇంట్లోవాళ్ళతో ఒక మాట చెప్పు. పని మొదలయ్యాక అటు రాకూడదు.

జూన్ చివర బహిరంగ విచారణ. ఎవరికేం అభ్యంతరమున్నా వచ్చి చెప్పొచ్చు. నేనే కార్యదర్శిని. అప్పటికి మీ రంగులు ఆరతాయి కదా?

ఆడపడుచు

*

ఇల్లు
మే

నా కొంప ముంచావు కదే!

రేవంటే పడవ ఆగేదా? ఎవరు చెప్పారు నీకు? రేవంటే నీళ్ళలోకి దిగే చోటు. మన వీధి చివర ఉన్నదే రేవు. మా అత్తగారు, అంటే మీ అమ్మ, బతికున్నన్నాళ్ళూ దాన్ని రేవనే అంది. "రేవు ఉండాలా" అని అడిగితే, ఉన్న రేవును ఉండనిస్తారా అని అడుగుతున్నావనుకుని ఇంటింటికీ తిరిగి "ఉండాలి" అనిపించాను. నువ్వు కొత్తది కట్టాలా అని అడిగావా? అయితే ఆ ముక్క రాయొద్దూ! నా చేత్తో నేనే తవ్వించుకున్నాను. మంచి తెలుగులో రాయమన్నందుకు నా నోరు పడిపోనూ.

ఇక రెండో సంగతి. కూర్చుని చదువు.

ఆ ముసలాయన మీ అన్నయ్య.

కాలు బెణకలేదు. నవంబరులో పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. ఆస్పత్రిలో ఉన్నాం, వచ్చేశాం. కాలు కొంచెం వచ్చింది, చెయ్యి అంతగా రాలేదు, మాట ముద్దగా ఉంటుంది. బడిలో ఆయన చోట ఇంకొకరిని పెట్టుకున్నారు. అందుకే ఫోను దగ్గరికి రాడు. అందుకే నిన్ను రావద్దన్నాను. రంగులూ లేవు, ఏమీ లేవు. నాకు ఫోన్లో అబద్ధం చెప్పడం చేతకాదు, కాగితం మీదైతే ఎలాగో లాక్కొచ్చాను.

నీకు చెప్పొద్దని ఆయనే ఒట్టు వేయించుకున్నాడు. "తెలిస్తే ఉద్యోగం వదిలేసి వచ్చి నా మంచం పక్కన కూర్చుంటుంది. మొదటిసారి దానికి సొంత ప్లాను ఇచ్చారు, చెయ్యనీ" అన్నాడు. అదొక్కటే కాదు. ఊరందరికీ ఈత నేర్పినవాడు, చెల్లెలి ముందు కాలు ఈడుస్తూ రావడం ఇష్టం లేదు. అది పైకి అనడు, నాకు తెలుసు.

నేల మీద నాలుగడుగులకే తూలుతాడు, పడతాడు, లేపబోతే కసురుతాడు. నీళ్ళలో పడడు. డాక్టరు కూడా నీళ్ళలోనే నడవమన్నాడు. బడి కొలనుకి వెళ్ళమంటే శిష్యులు చూస్తారని వెళ్ళడు. ఊళ్ళో మిగతా ఒడ్డంతా రాళ్ళో, బురదో. మెల్లగా దిగే వాలు, కాలు జారని ఇసుక మన రేవుకే ఉన్నాయి. ఆ తాడు నేను కట్టాను. బోర్డు పెట్టి తాడు తీయించిన గొప్ప ఆఫీసరు నువ్వేనా? మొన్న వచ్చి తీసేశారు. మళ్ళీ కట్టాను.

మధ్యలో వేసవి వానలు పడి కొన్నాళ్ళు దిగలేదు. కాలు మళ్ళీ బిగుసుకుపోయింది. మంచం దిగడానికి నా భుజం కావలసి వచ్చింది. అది తవ్వేస్తే ఈయన మంచానికే అతుక్కుపోతాడు. ఇదీ నా చల్లగాలి.

నీకు చెప్పానని ఆయనకు ఇంకా చెప్పలేదు. ఇవాళ చెబుతాను.

వదిన

*

హెడ్డాఫీసు
జూన్

వదినా,

నీ ఉత్తరం పట్టుకుని బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని వచ్చి మీటింగులో కూర్చున్నాను. నాకు కోపంగా ఉంది. నీ మీదో, అన్నయ్య మీదో, నా మీదో తేల్చుకోలేకపోతున్నాను. నవంబరు నుంచి! ఒక్క ముక్క చెప్పకుండా ఎలా ఉన్నారు మీరిద్దరూ? నేను పరాయిదాన్నా? వెనకనుంచి ఎవరో చూసి ముసలాయన అంటే, నేను ఆ మాటే తెచ్చి నీకు రాశాను. మతి స్థిమితం అని కూడా రాశాను. ఆ కాగితం ఆయనకు చూపించకు.

ఇప్పుడు పని మాట.

చీఫ్ దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ప్రశ్న రెండు రకాలుగా అర్థమవుతుందని, మా అన్నయ్యకు ఆ ఒడ్డు ఎందుకు కావాలో కూడా. ఆయన అంతా విని, "ఈ మాట నీకు చెప్పిందెవరమ్మా?" అన్నారు. మా వదిన అన్నాను. "అయితే నీ నోటి నుంచి వస్తే ఎవరూ నమ్మరు" అన్నారు. నిజమే. ఆఫీసరు సొంత అన్న కోసం రేవును జరిపించిందంటారు, ప్లాను మొత్తం మూలన పడుతుంది. ఫైలు వదిలేసి ఇప్పుడే ఇంటికొచ్చేస్తానన్నాను. అలా చేస్తే తర్వాతివాడికి మీ వీధి టిక్కులే దిక్కన్నారు. కళ్ళు మూసుకుని కట్టేస్తాడు. కాబట్టి ఫైలు నా దగ్గరే ఉంటుంది, కానీ ఆ అంశం మీద నేను అభిప్రాయం చెప్పకూడదు. విచారణలో పేర్లడిగి రాయించడమే నా పని. విచారణ కమిటీ రాతపూర్వకంగా తేల్చేదాకా మీ గడప తొక్కకూడదు.

ఆ ఒడ్డును వాడేవాళ్ళు స్వయంగా వచ్చి ఎందుకు కావాలో చెబితే కమిటీ వినాలి. నీ మాట చాలదు, నువ్వు నీళ్ళలోకి దిగవు. అన్నయ్యే రావాలి వదినా. నేను అక్కడే కూర్చుని ఉంటాను కానీ ఒక్క మాట సాయం చెయ్యలేను. ఎలాగైనా తీసుకురా.

ఆడపడుచు

*

ఇల్లు
జూన్

చిన్నపిల్లా,

ఆయన రానంటున్నాడు.

నీకు చెప్పేశానని తెలిసి ఓ పూట అన్నం మానేశాడు. నీ ఉత్తరాలన్నీ చదివి వినిపించాను. ముసలాయన మాట కూడా చదివాను, నువ్వు చూపించొద్దన్నావని తెలిసీ. ఈ ఇంట్లో దాచడం నావల్ల ఇక కాదు. "సర్వేయరుకు కళ్ళు బాగానే ఉన్నాయి" అన్నాడు.

"అంతమంది ముందు ఈ మాటతో ఏం మాట్లాడను? సగం మందికి నేనే ఈత నేర్పాను. పోతే పోనీ రేవు" అంటాడు. నేను అరిచాను. ఆయనా అరిచాడు. ముద్దగా అరిస్తే సగం అర్థం కాలేదు, అది చూసి ఆయనకే నవ్వొచ్చింది, నాకు ఏడుపొచ్చింది.

వీధి కూడా రెండుగా చీలింది. పడవలొస్తాయని తెలిశాక బేకరీ ఆయనకు టేబుళ్ళ కలలు మొదలయ్యాయి. ఫోటో స్టూడియో అతను పడవలో జంటను కూర్చోబెట్టి తీస్తాడట. వాళ్ళనేం అంటాం, వాళ్ళ బతుకుతెరువు వాళ్ళది. మనకెందుకు కావాలో చెబుదామంటే ఈయన నోరు కట్టేస్తున్నాడు.

ఇంకొకసారి చెప్పి చూస్తాను. వస్తే నువ్వే చూస్తావు. రాకపోతే నువ్వు కుర్చీలో కూర్చుని నా వైపు చూడకు, నాకు దుఃఖం ఆగదు.

వదిన

*

బస్సులో, తిరిగి వస్తూ
జూన్ చివర

అన్నయ్యా,

బస్సు కుదుపుకు అక్షరాలు చెదురుతున్నాయి, ఏమనుకోకు. నీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలనుకుంటా. ఎప్పుడూ వదినకే రాసి నీ క్షేమం అడిగేదాన్ని.

హాలు తలుపు దగ్గర నిన్ను చూసినప్పుడు నేను ఎవరిదో అభ్యంతరం రాయిస్తున్నాను, బెంచీలు రోడ్డు వైపు తిప్పమని. ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది. వదిన నీ వెనకే ఉంది, చెయ్యి ఇవ్వకుండా, కానీ చెయ్యి సిద్ధంగా పెట్టుకుని. ఆ కుర్చీల మధ్య నువ్వు నడిచి వచ్చినంతసేపూ అటూ ఇటూ ఉన్నవాళ్ళు కుర్చీలు పక్కకు జరుపుతూనే ఉన్నారు. నాకు లేచి రావాలని ఉంది. మైకు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నువ్వు కుడి చెయ్యి జేబులో దాచుకుని నిలబడ్డావు. నన్ను పొట్ట కింద పట్టుకుని నీళ్ళ మీద తేల్చిన చెయ్యి అది.

"వీరు నా అన్నయ్య. ఈ అంశం మీద నేను అభిప్రాయం చెప్పను, రాసుకోండి" అని ముందు కమిటీకి చెప్పాను. అది చెప్పడం తేలికే. తర్వాతిదే కష్టమైంది.

"మీ పేరు చెప్పండి" అన్నాను. నిన్ను మీరు అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. నువ్వు ఇంటిపేరుతో సహా చెప్పావు, నాకు తెలియనట్టు. "మీరేం చేస్తుంటారు?" అన్నాను. "ఈత నేర్పేవాణ్ణి, మేడం" అన్నావు. మేడం! నన్ను, అన్నయ్యా! రాసుకునే గుమాస్తా "కొంచెం గట్టిగా చెప్పండి సార్, తెలియలేదు" అన్నాడు. నాకు తెలిసింది. ప్రతి మాటా తెలిసింది. కానీ నేను చెప్పకూడదు కదా, నువ్వు రెండోసారి చెప్పేదాకా కలం పట్టుకుని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా ఉద్యోగంలో నేను చేసినవాటన్నిటికంటే కష్టమైన పని.

నువ్వు చెప్పింది రికార్డులో ఇలా ఉంది: "రేవు ఉండాలా అని అడిగారు, ఉండాలి అన్నాం. మాకు రేవంటే దిగే చోటు. పడవ ఆగే చోటు కాదు. నేల మీద నేను ఎలా నడుస్తానో ఇప్పుడు అందరూ చూశారు. నీళ్ళలో బాగా నడుస్తాను. నాకు ఆ చోటు కావాలి." అంతే చెప్పావు. బతిమాలతావేమోనని భయపడ్డాను. కోప్పడతావేమోనని ఇంకా భయపడ్డాను.

పడవల కంపెనీవాడు ఒక్కరి సౌకర్యం కోసం ఊరి వినోదం ఆపుతారా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది కానీ అది అడగదగ్గ ప్రశ్నే. అప్పుడు అధ్యక్షుడు, టిక్కు పెట్టినప్పుడు పడవల కోసం పెట్టినవాళ్ళు చేతులెత్తండి అన్నారు. తర్వాత దిగే చోటు అనుకుని పెట్టినవాళ్ళు ఎత్తండి అన్నారు. మొదటిసారి బేకరీ ఆయన చెయ్యి లేచింది, దిగింది. రెండోసారి మెల్లగా మళ్ళీ లేచింది. రెండోసారి లేచిన చేతులు నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు. తిరగడం కష్టమనో, చూడాలనిపించకో తెలియదు. చాలా లేచాయి అన్నయ్యా.

ఏం తేలుస్తారో ఇంకా తెలియదు. పడవల రేవును ఐసు ఫ్యాక్టరీ వైపు తీసుకెళ్తే జనం అంతదూరం నడవాలి, రోడ్డు కూడా బాగు చెయ్యాలి. ఆ మాట కూడా నిజమే కాబట్టి రాశాం. ఆఫీసువాళ్ళు నన్ను హాలు మెట్ల దగ్గరే జీపెక్కించి బస్టాండులో దింపారు. వీధి మొదట్లోంచి మన ఇల్లు కనిపించింది. దిగలేదు.

నాకు నీ మీద ఇంకా కోపం ఉంది. అది వచ్చి తీర్చుకుంటాను.

చెల్లి

*

ఇల్లు
జూలై

చెల్లీ,

ఎడమ చేత్తో రాస్తున్నాను. మీ వదిన రాసిపెడతానంది. వద్దన్నాను. ఆమె రాస్తే నా మాటల్లో ఆమె మాటలు కలుపుతుంది.

నిన్న నోటీసు అంటించారు. పడవల రేవు ఐసు ఫ్యాక్టరీ దగ్గరికి పోయింది. మన దగ్గర తవ్వరు. తాడు బదులు ఇనుప కడ్డీ వేస్తారట, నీళ్ళలోకి కొంతదూరం. ఇక నీకు అడ్డమేమీ లేదు, రా. బేకరీ ఆయన మీ వదినతో మాట్లాడటం లేదు. చొక్కా మాత్రం తీసుకెళ్ళాడు.

దాచినందుకు తిట్టు, పడతాను. నువ్వు భయపడతావని దాచానని చెబుతూ వచ్చాను. భయపడింది నేను.

హాల్లో వెనక వరసలో కూర్చున్న ఒకావిడ నిన్న పొద్దున వాళ్ళమ్మను తీసుకుని ఒడ్డుకి వచ్చింది. ఆ పెద్దావిడకు నాలాగే. కాకపోతే ఎడమ పక్క. నీళ్ళు చూసి "నాకు ఈత రాదు బాబూ" అని ఏడుపు మొహం పెట్టింది. "ఈత కాదమ్మా, నడకే" అన్నాను. నేను ముందు దిగి మంచి చెయ్యి ఇచ్చాను. నా మాట అర్థం కాదేమో అనుకున్నాను. ఆవిడ మాట నాకంటే వంకర. ఇద్దరికీ బాగానే అర్థమైంది. తాడు చివరిదాకా వెళ్ళి వచ్చాం. ఇవాళ కూడా వచ్చింది. ఇంకొకాయన్ని తీసుకొచ్చింది. ఆయన మొండి, నేను అరవాల్సి వచ్చింది. మీ వదిన ఒడ్డున కూర్చుని నవ్వింది.

నీ ఆఫీసు నుంచి నేను చెప్పినదాని కాపీ వచ్చింది, తప్పులుంటే దిద్ది పంపమని. అంతా సరిగ్గానే ఉంది. ఒక్కచోట దిద్దాలి. నేను అన్నదే రాశారు, రాసినవాళ్ళ తప్పు లేదు. వృత్తి దగ్గర "ఈత నేర్పేవాణ్ణి" అని ఉంది. అది కొట్టేసి "నేర్పుతాను" అని వేయించండి, మేడం.

అన్నయ్య